ఆఖరి సైకిలు వచ్చాక



హైదరాబాదు నుంచి శ్రీశైలానికి సైకిలు మీద వెళ్ళేవాళ్ళు ఇప్పుడు అరుదేమీ కాదు. చలి మొదలైతే చాలు, సెలవురోజు తెల్లవారుజామున తుక్కుగూడ దాటాక, హెల్మెట్లు పెట్టుకుని, వెనక ఎర్రలైట్లు మిణుకుమనిపిస్తూ వరసగా పోయే సైకిళ్ళు కనిపిస్తాయి. రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దారి అది. కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి, హాజీపూర్ చౌరస్తా, మన్ననూరు. అక్కణ్ణుంచి నల్లమల అడవి. ఆ తర్వాత దోమలపెంట, కృష్ణ మీద ఆనకట్ట, సున్నిపెంట, శ్రీశైలం. ఇలా వెళ్ళి వచ్చినవాళ్ళను పలకరిస్తే ఎన్ని గంటల్లో తొక్కారో, ఏ ఘాటు ఎలా ఎక్కారో ఉత్సాహంగా చెబుతారు. దారిలో ఎక్కడ ఆగారో అడిగితే మాత్రం, ‘మధ్యలో చాయ్‌కి ఆగాం’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఈ పూట నేను ఆ ఒక్క మాట గురించే మాట్లాడతాను. స్నేహితులు కలిసి దూరప్రయాణం చేసేటప్పుడు వాళ్ళ స్నేహం ఎలాంటిదో తెలిసేది ఆగినచోటే అని నా నమ్మకం.

ముందు ఈ దారి సంగతి. కొన్ని మజిలీలను దారే నిర్ణయిస్తుంది. మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు ఉంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా వాహనాలను అడవిలోకి వదలరు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది. రాత్రిపూట ఆ రోడ్డు జంతువులది. కాబట్టి మేము, అంటే మా సైకిలు జట్టు, మొదటిరోజు మన్ననూరులో పడుకుని, రెండోరోజు గేటు తీశాక అడవిలోకి వెళ్ళేలా చూసుకుంటాం. దానికి తగ్గట్టే మొదటిరోజు మజిలీలూ కుదురుతాయి. చీకటితో బయలుదేరితే ఎండ ముదిరేలోపు ఆమనగల్లులో టిఫిను. మధ్యాహ్నానికి డిండి. నిజాం కాలంలో కట్టిన జలాశయం పక్కన నీడ దొరుకుతుంది, నీటి మీంచి వచ్చే గాలి దొరుకుతుంది, అన్నం దొరుకుతుంది. పొద్దు వాలేసరికి మన్ననూరు.

ఇవి కాగితం మీద రాసుకునే మజిలీలు. రాసుకోనివి ఇంకా ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ దారంతా ఆడవాళ్ళు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటారు. పాలమూరు సీతాఫలం పేరు విననివాళ్ళు హైదరాబాదులో ఉండరు. సైకిలు తొక్కేవాడికి అంతకంటే మంచి పండు నాకు తెలియదు. తీపికి తీపి ఉంది, కడుపులో బరువుగా ఉండదు, పైగా ఒక్కో గింజా ఊస్తూ తినాల్సిందే కనుక తొందరపడటం కుదరదు. బేరమాడే ఓపిక ఆ వేళకు ఎవరికీ ఉండదు. ఆ అమ్మ చెప్పిన ధర ఇచ్చేసి, గంప పక్కనే గొంతుక్కూర్చుని తింటాం. తిన్నంతసేపూ ఆమె మా సైకిళ్ళను చూస్తుంది. గేరు చక్రాలు ఎన్నున్నాయో లెక్కపెడుతుంది. సీటు ఇంత సన్నగా ఉందేమిటని అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే అది.

సైకిలు కదులుతున్నంతసేపూ ఒంటికి గాలి తగులుతుంటుంది. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఆగిన కాసేపటికి చూసుకుంటే చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు తేలి ఉంటాయి. మామూలు ఎండలో గట్టిగా తొక్కే మనిషి నుంచి గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా నీరు చెమటగా పోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా పోతుంది. నీటితోపాటు ఉప్పూ పోతుంది. దాహం వేసిందని వట్టి నీళ్ళే గటగటా తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం, తూలడం మొదలవుతాయి. చూసేవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు. అక్కడే ప్రమాదం ఉంది. మన ఊళ్ళలో ఎండన పడి వచ్చినవాడికి ఉప్పు వేసిన పలచటి మజ్జిగ ఇవ్వడం ఊరికే పుట్టిన అలవాటు కాదు.

ఇక్కడ ఒక వైద్యుణ్ణి తలుచుకోవాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు నరాల్లోకి ఎక్కించే సెలైను సీసాలు చాలలేదు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, చక్కెర, నీళ్ళు కలిపి డ్రమ్ముల్లో నింపించి, రోగులకు తాగించమని వాళ్ళ బంధువుల చేతికే ఇచ్చారు. వేల ప్రాణాలు నిలిచాయి. పేగు గోడలు చక్కెరనూ ఉప్పునూ జతగా లోపలికి తీసుకుంటాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. ఆ చిన్న సూత్రమే ఓఆర్ఎస్. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. సైకిలు మీద దూరం వెళ్ళే చాలామంది బాటిళ్ళలో ఇప్పుడు ఉండేది అదే. రంగురంగుల ప్యాకెట్లలో దొరికేవీ చాలావరకు దాని మీద అల్లినవే. బంకు పక్కన సిమెంటు అరుగు మీద కూర్చుని బాటిలు మూత తిప్పినప్పుడల్లా నాకు ఆ డ్రమ్ములు గుర్తొస్తాయి.

తిండి సంగతి కూడా అంతే. ఆకలి వేశాక తిందామనుకుంటే ఆలస్యమైపోతుంది. కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకున్న పిండిశక్తి గంటన్నర, రెండు గంటల గట్టి శ్రమకే తరిగిపోతుంది. అప్పుడు మనిషికి అలసట మెల్లగా రాదు. నడుస్తున్న మనిషి నడుస్తున్నట్టే నీరుగారిపోతాడు. కాళ్ళు మాట వినవు, చిన్న మాటకు కోపం వస్తుంది, కొందరికి ఏడుపు వస్తుంది. అందుకే గంటగంటకూ ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. అరటిపండు, పల్లీపట్టి, ఖర్జూరం, బెల్లంముక్క. టిఫినుకు ఆగితే ఇడ్లీ మంచిది. నూనెలో మునిగిన పూరీ ఘాటెక్కేటప్పుడు గొంతులోకి వస్తుంది. ఆమనగల్లులో బండి మీద వేడివేడిగా మిర్చిబజ్జీ వేస్తుంటే నిగ్రహించుకోవడం కష్టమే. తిరుగుప్రయాణంలో బస్సు ఎక్కేరోజు తినొచ్చునని మేము ఒకరికొకరం చెప్పుకుంటాం.

ఆగినప్పుడు చేతులు కూడా చూసుకోవాలి. అరచేతి అంచు హ్యాండిలు మీద మోపి గంటలు గడిపితే మణికట్టు దగ్గర నరం నలిగి చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరెక్కుతాయి. గ్లాసు పట్టుకుంటే పట్టు తెలియదు. వేళ్ళు విదిలించి, భుజాలు తిప్పి, మెడ వంచి, అటూ ఇటూ నడిచాకే కూర్చోవాలి. ఆ తర్వాత సైకిలు. టైరును చేత్తో తిప్పుతూ కంటితో వెతకాలి. తుమ్మముల్లు, గాజుపెంకు, లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నని తీగముక్క, ఇవి గుచ్చుకున్న వెంటనే గాలి తీయవు. లోపలికి కొంచెం కొంచెంగా దిగుతూ పది కిలోమీటర్ల తర్వాత, సరిగ్గా నీడలేని చోట, పని కానిస్తాయి. ఆగినప్పుడే పీకేస్తే ఒక ట్యూబు, ఒక గంట మిగిలినట్టు. దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగేముందు బ్రేకులు తప్పకుండా చూసుకోవాలి. మలుపుల దిగుడు అది. వేగం పుంజుకున్నాక పట్టని బ్రేకు గురించి ఆలోచించే వ్యవధి ఉండదు.

ఇదంతా ఒక్క మనిషి సంగతి. నలుగురు కలిసి వెళ్ళినప్పుడు వచ్చే అసలు చిక్కు వేరు. అందరి కాళ్ళూ ఒకటి కావు. ముప్ఫై కిలోమీటర్లు తొక్కేసరికి ముందువాడికీ వెనకవాడికీ మధ్య అరగంట తేడా వచ్చేస్తుంది. చాలా జట్లలో జరిగేది ఇది. ముందు చేరినవాళ్ళు చాయ్ తాగుతారు, ఫోటోలు తీసుకుంటారు, కాళ్ళు చాపుకుంటారు. ఆఖరివాడు వచ్చి సైకిలు గోడకు ఆనించగానే, ‘హమ్మయ్య, అందరం వచ్చేశాం, ఇక పోదామా’ అని లేస్తారు. లెక్క వేసి చూడండి. ఎవరి కాళ్ళు బలంగా ఉన్నాయో వాళ్ళకు అరగంట విశ్రాంతి దొరికింది. ఎవరు అందరికంటే ఎక్కువ అలిసిపోయారో వాళ్ళకు ఐదు నిమిషాలు. తర్వాతి మజిలీకి ఆ మనిషి ఇంకా వెనకబడతాడు. దాని తర్వాత ఇంకా. సాయంత్రానికి అతను తన వల్లే అందరికీ ఆలస్యమవుతోందని, తాను ఇలాంటి ప్రయాణాలకు తగినవాణ్ణి కాదని అనుకోవడం మొదలుపెడతాడు. మళ్ళీ పిలిస్తే రాడు. కాళ్ళలో బలం లేక మానేసినవాళ్ళ కంటే ఇలా మనసు చిన్నబుచ్చుకుని మానేసినవాళ్ళే ఎక్కువని నేను అనుకుంటాను.

మా జట్టులో ఈ అన్యాయానికి అడ్డుకట్ట వేసింది ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైన ఒక అన్న. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దూరపు బస్సుల్లో తిరిగిన మనిషి. హోటలు దగ్గర బస్సు ఆపితే, తిరిగి బయలుదేరేముందు సీట్ల మధ్య నడుస్తూ తలలు లెక్కపెట్టడం ఆయనకు ఒంటబట్టిన పని. డిండిలో ఒకసారి మేమంతా లేచి హెల్మెట్లు తగిలించుకుంటుంటే ఆయన కదలలేదు. మాతో వచ్చిన లెక్కల సార్ అప్పుడే వచ్చి బెంచీ మీద కూలబడ్డారు. షూ కూడా విప్పలేదు.

‘ఏందయ్యా, సార్ ఇంకా చాయ్ తాగలే. అప్పుడే రైట్ రైట్ అంటున్నరు?’ అన్నాడు అన్న.

‘లేదు లేదు, నేను వచ్చేస్తాను, పదండి’ అన్నారు సార్, లేవబోతూ.

‘నువ్వు కూసో సార్. ఆఖరి ప్యాసింజరు చాయ్ తాగి గ్లాసు కింద వెట్టినంకనే బస్సు రైట్.’

ఆ రోజు నుంచి మా జట్టుకు అదే శాసనం. మజిలీ గడియారం ఆఖరి సైకిలు వచ్చాకే మొదలవుతుంది. ఎంతసేపు ఆగాలనుకున్నామో అంతసేపు, ఒక్క నిమిషం తగ్గకుండా, ఆ ఆఖరి మనిషికి దక్కాలి.

వినడానికి చిన్న నియమం. ఆచరణలో దానికి ఖర్చు ఉంది. ముందు చేరినవాళ్ళు ముప్పావుగంట, గంట కూర్చోవాలి. చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది, తొడలు బిగుసుకుంటాయి, మళ్ళీ ఎక్కితే మొదటి రెండు కిలోమీటర్లు నరకం. అందుకని ముందువాళ్ళు తమంతట తామే మారారు. మజిలీ ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా వేగం తగ్గిస్తారు. చేరాక కూర్చోకుండా పని చూస్తారు. వెనకవాళ్ళకు నీడలో చోటు ఉంచడం, టిఫిను చెప్పి పెట్టడం, నీళ్ళ క్యాను ఎక్కడుందో చూసి రావడం, పంక్చరు అయిన ట్యూబుకు ప్యాచీ వేయడం. హాజీపూర్ చౌరస్తాలో ఒకరు రోడ్డు మీదే నిలబడతారు. అచ్చంపేట దారి అక్కడ చీలుతుంది. అలిసి తల వంచుకుని తొక్కేవాడు బోర్డు చూడడు.

ఆఖరి మనిషి వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో కూడా మేము మెల్లమెల్లగా నేర్చుకున్నాం. ‘ఏమైంది, ఇంత లేటు?’ అనకూడదు. ‘ఇంకెంతో దూరం లేదు’ అని అబద్ధపు ఓదార్పు ఇవ్వకూడదు. సైకిలు అందుకుని, నీళ్ళ గ్లాసు ఇచ్చి, కాసేపు ఊరుకోవాలి. ఊపిరి కుదుటపడ్డాక తనే మాట్లాడతాడు. అందరికంటే ఎక్కువ దారిని చూసి వచ్చేది కూడా తనే. ముందువాళ్ళు గాలిని కోసుకుంటూ వచ్చేస్తారు. మా సార్ చెరువులో కొంగలు చెబుతారు, పత్తి తీసేవాళ్ళతో మాట్లాడిన మాటలు చెబుతారు, ఏ ఊరి బడి గోడ మీద ఎక్కాలు తప్పుగా రాశారో కూడా చెబుతారు.

ప్రయాణాన్ని మజిలీలుగా లెక్కించడం మనవాళ్ళకు ఎప్పటినుంచో ఉన్నదే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆ దారిలో అహోబిలం చూసి, శ్రీశైలం ఎక్కి, హైదరాబాదు మీదుగా పోయాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర తెరిస్తే ఊరూరా ఒకే శ్రద్ధ కనిపిస్తుంది. ఇక్కడ నీళ్ళు మంచివా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటు ఉందా. ఆయన పల్లకీలో వెళ్ళాడు, మోసింది బోయీలు. మోసేవాళ్ళ కాళ్ళ సత్తువను బట్టే రోజుకు ఎంత దూరమో తేలేది. అంత పెద్ద పరివారంతో వెళ్ళేవాడు అందరికీ అన్నం, నీరు అమరే చోటు చూసుకోకుండా ఒక్క అడుగు ముందుకు వేయలేడు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాల గ్రంథం. ఆ గ్రంథమంతా నిలబడింది ఒక షరతు మీద. యతి వెంట కాశీకి నడిచే పశులకాపరి కుర్రాడు, ఆగిన ప్రతిచోటా తాను అడిగినదానికి కథ చెప్పాల్సిందేనంటాడు. నడిచేటప్పుడు కాదు, ఆగినప్పుడు. చిన్నవాడు అలుపు తీర్చుకునేదాకా పెద్దవాడు కథ చెబుతూ కూర్చున్నాడు. నాకు ఆ ఏర్పాటులో గొప్ప దయ కనిపిస్తుంది.

శ్రీశైలం దారికి ఈ దయ మరీ పాతది. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతోంది. కొండ ఎక్కేవాడికి మెట్టు అంటే అడుగు పెట్టే చోటూ, కూర్చునే చోటూ. ఇప్పటికీ శివరాత్రి ముందు శివదీక్ష స్వాములు ఇరుముడి నెత్తిన పెట్టుకుని నడుస్తారు. ఉగాది ముందు కర్ణాటక నుంచి భక్తులు ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు మీదుగా అడవిలో నడిచి వస్తారు. ఆ రోజుల్లో దారి పక్కన పందిళ్ళు వెలుస్తాయి. అన్నం పెడతారు, మజ్జిగ పోస్తారు, బొబ్బలెక్కిన కాళ్ళకు నూనె రాస్తారు. ముక్కూ మొహం తెలియని మనిషి పాదం ఒళ్ళో పెట్టుకుని నూనె రాసే చేతులను నేను చూశాను. మాలాంటి సైకిలువాళ్ళు ఆ వేళకు అటు వెళ్తే మమ్మల్ని కూడా ఆపి కూర్చోబెడతారు. మేము దీక్షలో లేమని చెప్పినా వినరు.

దూరపు సైకిలు సవారీలో గడియారంతో పోటీ పడే పద్ధతి కూడా ఒకటి ఉంది. బ్రెవే అంటారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తిచేయాలి. మధ్యలో నిర్ణయించిన చోట్ల ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. తిన్నా, పడుకున్నా, పంక్చరు వేసుకున్నా ఆ సమయం అందులోదే. హైదరాబాదులోనూ వీటిని ఏళ్ళ తరబడి నడుపుతున్నారు. వీటన్నిటికీ పెద్దది ఫ్రాన్సులో నాలుగేళ్ళకోసారి జరిగే ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్. 1891లో మొదలైంది. 1,200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎక్కువగా చెప్పేది గంటల సంగతి కాదు. అర్ధరాత్రి పల్లెటూళ్ళలో జనం ఇళ్ళ ముందు బల్లలు వేసి, కాఫీ, రొట్టె, నీళ్ళు పెట్టుకుని కూర్చుంటారట. పిల్లలు చేతులు చాపి చప్పట్లు కొట్టించుకుంటారట. మన చలివేంద్రం కుండ పక్కన కూర్చునే పెద్దమ్మకు ఆ బల్లల దగ్గర కూర్చునే ఫ్రెంచి ముసలమ్మ దూరపు చుట్టం అయి ఉండాలి.

నల్లమలలో మాకు అలాంటి పెద్దమ్మ వటవర్లపల్లిలో దొరికింది. మన్ననూరు గేటు తీశాక ఘాటు ఎక్కి, ఫరహాబాద్ దాటి, చలిలో వేళ్ళు కొంకర్లు పోతూ తొక్కితే వచ్చే ఊరు అది. రోడ్డు పక్కన నాలుగు హోటళ్ళు, రేకుల పందిరి, కట్టెల పొయ్యి. చెంచులు ఉండే ప్రాంతం. అడవిలో వాళ్ళ పెంటలు, అంటే గూడేలు, నీళ్ళున్న చోటు చూసుకుని ఏర్పడ్డవే. మేము సైకిళ్ళు నిలబెడుతుంటే ఆమె పొయ్యి దగ్గర్నుంచే అడిగింది.

‘ఏడికెళ్ళి వస్తున్నరు బిడ్డా?’

‘పట్నం నుంచమ్మా.’

‘సైకిల్ల మీదనా? బస్సులు బందున్నయా ఏంది?’

బస్సులు నడుస్తున్నాయనీ, మేమే ఇష్టపడి వచ్చామనీ చెప్పాం. ఆమె కాసేపు మా మొహాలు చూసి, ఇంకేమీ అడగకుండా ఉప్మా మూకుడు దించింది. సార్ ఇరవై నిమిషాల తర్వాత వచ్చారు. ఆమె మాకంటే ముందే ఆయన్ని చూసింది. చెంబుతో నీళ్ళు పట్టుకుని రోడ్డు దాకా ఎదురెళ్ళింది. ‘ఈయన మొఖం జూడుండ్రి ఎట్ల పీక్కపోయిందో. ఈయన తినేదాంక ఎవ్వరు లేవకుండ్రి’ అంది. కండక్టరు అన్న మా వైపు ఒక చూపు చూశాడు. ఆమెకు మా నియమం ఎవరూ చెప్పలేదు. రోజూ బస్సులు దిగే మనుషులకు అన్నం పెట్టే చేతికి ఎవరు ఎంత అలిసిపోయారో తెలుస్తుంది, అంతే.

అలాంటి చోట ఆగినప్పుడు మన బాధ్యత కూడా ఉంది. పదిమంది కూర్చునే బెంచీలు ఆక్రమించి, ఒక్కో చాయ్ తాగి, గంటసేపు ఫోన్లు చార్జింగు పెట్టుకుంటామంటే ఆమె బేరం పోతుంది. ఆకలి ఉన్నా లేకపోయినా నాలుగు ప్లేట్లు ఎక్కువ చెప్పాలి. చెత్త తిరిగి జేబులో వేసుకుని పోవాలి. అడవి రోడ్డు మీద కోతులు బారులు తీరి కూర్చుంటాయి. బిస్కెట్లు వేస్తున్న ప్రయాణికులే వాటిని రోడ్డుకు కట్టేశారు. వాహనాల కింద పడి చచ్చేవి ఎన్నో. జాలిపడి అరటిపండు విసరడం వాటికి మేలు కాదు, ఎంత బతిమాలినట్టు చూసినా సరే.

ఇక అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. మాతో వచ్చే ఒక అక్క బ్యాంకులో పనిచేస్తుంది. మా అందరికంటే గట్టిగా తొక్కుతుంది. ఆమె బాటిలు మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఎందుకు తాగవక్కా అని ఎవరో అడిగితే, ‘తాగితే ఎక్కడికి పోవాలి?’ అంది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. మగవాడికి దారంతా మజిలీయే. ఆడమనిషికి తలుపున్న మరుగుదొడ్డి కనిపించేదాకా మజిలీ లేనట్టే. నీళ్ళు తాగకుండా ఎండలో గంటలు తొక్కితే తలతిప్పు, కండరాలు పట్టేయడం, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. శరీరానికి నీళ్ళు ఎంత అవసరమో ఇందాక అంత వివరంగా చెప్పాను కదా, ఆ చదువంతా ఒక గొళ్ళెం దగ్గర ఆగిపోతోంది. రోడ్లు వెడల్పవుతున్నాయి, పాత చింతచెట్లు పోతున్నాయి, కిలోమీటరు రాళ్ళకు కొత్త రంగులు పడుతున్నాయి. ఇరవై కిలోమీటర్లకు ఒక శుభ్రమైన మరుగుదొడ్డి కట్టడం అంత కష్టమా? సైకిలువాళ్ళ కోసం మాత్రమే అడగడం లేదు. బస్సులో వెళ్ళే ఆడవాళ్ళు, కాలినడకన శ్రీశైలం పోయే ఆడవాళ్ళు, సీతాఫలాల గంప పెట్టుకుని పొద్దంతా రోడ్డు పక్కన కూర్చునే ఆ అమ్మలు, అందరి బాధా ఇదే.

ఒక ఆసరా ఉంది, చాలామందికి తెలియదు. పెట్రోలు బంకుల్లో తాగునీరు, టైర్లకు గాలి, మరుగుదొడ్డి ఉచితంగా అందుబాటులో ఉంచాలని నియమం ఉంది. పెట్రోలు పోయించుకోకపోయినా అడగవచ్చు. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగవచ్చు. అక్క ఇప్పుడు అలాగే అడుగుతుంది, గట్టిగానే అడుగుతుంది. కొన్నిచోట్ల విసుక్కుంటారు, కొన్నిచోట్ల అప్పటికప్పుడు కడిగించి ఇస్తారు.

ఈ సంగతులన్నీ పోగయ్యాక మా జట్టులో ఒక మార్పు వచ్చింది. ఎక్కడ ఆగాలో ఇదివరకు అందరికంటే ముందు తొక్కేవాళ్ళు నిర్ణయించేవాళ్ళు. ఇప్పుడు ఆ పని సార్‌దీ, అక్కదీ. వచ్చే చలికాలం అహోబిలం అనుకుంటున్నాం. జడ్చర్ల, బీచుపల్లి, కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా. సార్ చతురస్రపు గళ్ళ నోటుబుక్కులో దారంతా గీసుకున్నారు. ముప్ఫై కిలోమీటర్లకు మించి ఎక్కడా ఎడం లేదు. కృష్ణ దాటగానే బీచుపల్లిలో ఆంజనేయస్వామి గుడి దగ్గర పొడవాటి మజిలీ పెట్టారు, నది ఒడ్డున నీడ ఉందని. అక్క దారి పొడవునా బంకులకు ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టి, కొన్నిటికి ఫోను చేసి మరుగుదొడ్డి తాళం సంగతి ముందే కనుక్కుంది. కండక్టరు అన్నకు ఇచ్చిన పని ఎప్పటిదే. ప్రతి మజిలీలో తలలు లెక్కపెట్టి, ఆఖరి గ్లాసు కింద పెట్టాక రైట్ చెప్పడం. మీలో ఎవరికైనా సైకిలు ఉండి, నెమ్మదిగా తొక్కుతానేమోనన్న సంకోచం ఉంటే, మీ ఊరి స్నేహితుల్ని నలుగురిని కూడగట్టి ముందు దగ్గర్లోని చెరువు దాకా వెళ్ళిరండి. ఎక్కడ ఆగాలో మీరే చెప్పండి.